మామిడి షెడ్డుకు రంగు వేసిన ఏడు

ఇనుముకు రంగు వేయడం గోడకు సున్నం కొట్టడం లాంటిది కాదని నేను చిత్తూరు గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి. రంగుల పనికి పోయేవాణ్ణి. పని లేని రోజుల్లో నా తోటివాళ్ళు టీ అంగడి దగ్గర కూర్చుంటే నేను గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. పేపర్లు, వారపత్రికలు అయిపోయాక ఎవరూ తెరవని బీరువాల వైపు వెళ్ళేవాణ్ణి. అట్టలు ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుంది, పట్టకుండా ఏం చేయాలి అన్నదే అందులోని విషయం. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ణి. ఒక పేజీ అర్థమయ్యేసరికి మధ్యాహ్నం గడిచిపోయేది. గ్రంథాలయంలో ఉండే పెద్దాయన నన్ను చూసి నవ్వేవాడు.

"దాన్ని నువ్వు తప్ప ఎవురూ తియ్యరబ్బా. ఇంటికెత్తుకపో."

నేను వద్దనేవాణ్ణి. ఆ పొడవాటి బల్ల ముందు, ఫ్యాను కింద, నాలుగు అక్షరాలు వచ్చినవాళ్ళ మధ్య కూర్చుని చదవడంలో నాకొక గౌరవం కనిపించేది. కాలేజీకి పోలేదన్న కొరత అక్కడ కూర్చున్నంతసేపూ ఉండేది కాదు.

రంగు ఎంత ఖరీదైనదైనా నేరుగా ఇనుమునే పట్టుకోవాలి, మధ్యలో దుమ్మున్నా, తడి ఉన్నా, జిడ్డు ఉన్నా ఎన్ని పూతలు వేసినా ఒకనాడు పెచ్చులై లేస్తుంది అని ఆ పుస్తకం పేజీ పేజీకీ చెప్పింది. అప్పటిదాకా నేను తుప్పు మీదే రంగు పూసినవాణ్ణి. మా పనివాళ్ళందరం అంతే.

మా ఊరికి దగ్గర్లో, పూతలపట్టు నుంచి చిత్తూరుకు పోయే దారిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఎండాకాలంలో కాయ దిగడం మొదలైతే వానలు ముదిరేదాకా నడిచేది. మా ఊరి ఆడవాళ్ళు చాలామంది అందులో కాయ కోసే పనికి పోయేవాళ్ళు. మా అమ్మ కూడా. సొన పడి వేళ్ళ సందుల్లో పుండ్లయ్యేవి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని, తెల్లారి మళ్ళీ పోయేది. ఆ కూలితోనే మాకు మిగతా ఏడాది గడిచేది. నాయన పోయాక ఆ ఫ్యాక్టరీయే మన ఇంటికి మగదిక్కు అని అమ్మ అంటుండేది. నేను రంగుల పనిలో తెచ్చేది వచ్చినట్టే పోయేది.

తొంభైల చివర సంగతి ఇది. ముందటి ఏడు విదేశాలకు పంపిన గుజ్జు డబ్బాల్లో ఒకదానిలో రంగు పెచ్చు కనిపించిందట. షెడ్డు పైకప్పును మోసే ఇనుప ట్రస్సులు, వాటి కింద నిలబెట్టిన ఇనుప కంబాలు అన్నీ తుప్పుపట్టి పెచ్చులు రాలుతుండేవి. ఎందుకు రాలవు? ఒక పక్క కాయలు ఉడికించే ఆవిరి, ఒక పక్క పులుపు రసం చిందులు, సాయంత్రమైతే కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళతో కడగడం. కొనేవాళ్ళు గట్టిగా చెప్పేశారు. ఈసారి కాయ దిగే ముందు మద్రాసు నుంచి తమ మనిషి వచ్చి షెడ్డు చూస్తాడు, అతను ఒప్పుకుంటేనే ఆ కప్పు కింద కాయ కోయాలి, లేకపోతే ఆ ఏడు ఈ ఫ్యాక్టరీ గుజ్జు తమకు అక్కర్లేదు అని.

ఆ మాట ఊళ్ళోకి వచ్చిన రోజు అమ్మ అన్నం తినలేదు.

మరుసటి రోజు నేను ఫ్యాక్టరీ యజమాని దగ్గరికి వెళ్ళాను. మొదలాళి అనేవాళ్ళం ఆయన్ను. ఆయన తూకం రాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"సామీ, ఆ పని నేను చేస్తాను."

"నువ్వు సున్నాలు కొట్టేవోడివి కదప్పా."

"ఇనుము పని చదువుకున్నా సామీ."

"యాడ చదివినావు?"

"గ్రంథాలయంలో."

పక్కనున్న గుమాస్తా ఫక్కున నవ్వాడు. నేను ఆగలేదు. ఉప్పు, పులుపు కడిగేయకుండా రంగు వేస్తే ఏమవుతుందో, మూలల్లో, బోల్టుల మీద రంగు ఎందుకు నిలవదో, ఆవిరికి తట్టుకోవాలంటే రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ రంగే ఎందుకు కావాలో చెప్పుకుంటూ పోయాను. గుమాస్తా నవ్వు ఆగింది. మొదలాళి లేచి షెడ్డు వైపు చూశాడు.

"మద్రాసోళ్ళను పిలిస్తే వాళ్ళు సామాన్లు దించేతలికే కాయ దిగిపోతాది. సరే, నువ్వే చెయ్యి. కానీ ఒగటి. ఆ వొచ్చేవోడు కాదంటే మాత్రం ఈ ఏడు గేటు తెరవను. మీయమ్మకు గూడా చెప్పు."

అమ్మకు నేను చెప్పనవసరం లేకపోయింది. సాయంత్రానికే ఆడవాళ్ళందరికీ తెలిసింది. నీళ్ళ దగ్గర, కట్టెల దగ్గర అందరూ ఆమెనే అడిగారు.

"ఏం నాయనా, కాయ దిగేలోపల అవుతాదా? మీవోడు సేస్తాడా అని అందురూ నన్నే అడగతా ఉండారు. నేనేం సెప్పేది?"

"అవుతాది అని చెప్పు."

మా బావ, అంటే అక్క మొగుడు, నాకంటే మంచి పనివాడు. ఎంత ఎత్తయినా ఎక్కుతాడు, బ్రష్షు చేతిలో ఉంటే చుక్క కింద పడదు. ఆయన్ను పిలిచాను. అప్పుడు అక్క కడుపుతో ఉంది. ముందటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అందుకని ఈసారి బావ అన్నీ పాటిస్తుండేవాడు. కొబ్బరికాయ కొట్టేవాడు కాదు. చావు ఇంటికి పోయేవాడు కాదు. పనిలో తేలు కనిపిస్తే చంపకుండా పుల్లతో పక్కకు తోసేవాడు. ఆలి కడుపుతో ఉన్నప్పుడు మగవాడు చేయకూడనివి మా వైపు చాలా ఉన్నాయి. ఆయన వాటిల్లో ఒక్కటీ తప్పలేదు.

పని మొదలైంది. ముందు మంచినీళ్ళతో కప్పు నుంచి కింది దాకా కడిగాం. తర్వాత సుత్తులతో పెచ్చులు కొట్టి, ఇనుప తీగల బ్రష్షుతో రుద్ది, ఎమరీ కాగితం పట్టాం. తుప్పు పొడి ముక్కుల్లోకి పోయి ఉమ్మి కూడా ఎర్రగా వచ్చేది. బావ ట్రస్సు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని పైనుంచి అరిచేవాడు.

"ఏం బామ్మర్దీ, ఇంగా నున్నగా కావల్నా? నా పెండ్లి రోజు గూడా నేను ఇంత నున్నగా గడ్డం గీసుకోలేదు!"

"నున్నగా వద్దు బావా. గరుకుండాల. గరుకుంటేనే రంగు పట్టుకుంటాది."

"అట్లయితే నా గడ్డానికే ఎయ్యి."

తిరుపతిలో కాలేజీలకు గాజు సామాను అమ్మే అంగడికి పోయి రెండు థర్మామీటర్లు తెచ్చాను. ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెండింటి మధ్య తేడా చూసి, పుస్తకంలోంచి రాసుకొచ్చిన పట్టికతో పోల్చితే గాలిలో తేమ ఎంత ఉందో తెలుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండి ఇనుము చల్లగా ఉంటే దాని మీద కంటికి కనిపించనంత చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ మీద రంగు వేస్తే సర్వనాశనం. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కదా, అప్పుడే చేసేద్దామని పనివాళ్ళు అనేవాళ్ళు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. పొద్దెక్కి ఇనుము వేడెక్కాలి.

"దానికేమన్నా జొరమొచ్చినాదా? సంకలో పెట్టి చూడు," అని బావ ఎగతాళి చేసేవాడు. అయినా నేను ఊ అనేదాకా డబ్బా మూత తీసేవాడు కాదు.

ఎండ మరీ ఎక్కువైనా చిక్కే. ఎపాక్సీ రంగు రెండు డబ్బాలు కలిపాక బకెట్లోనే ఉడికినట్టు వేడెక్కి గట్టిపడుతుంది. మా చిత్తూరు ఎండలో ఇంకా తొందరగా. అందుకని కొంచెం కొంచెం కలుపుకుంటూ పోవాలి. మూలలకు, బోల్టులకు, అతుకులకు ముందుగా చిన్న బ్రష్షుతో ఒక పూత వేసి, తర్వాత మొత్తం వేయాలి. పదునైన అంచుల నుంచి రంగు వెనక్కి జారుకుంటుంది. తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

ట్రస్సులకు తొలిపూత, అంటే ప్రైమరు, అయిపోయింది. కంబాలు శుభ్రం చేసి పెట్టాం. రంగు పల్చన చేసే థిన్నరు పై పూతలకు చాలక, పొద్దెక్కాక కంబాలకు ప్రైమరు వేసుకొమ్మని బావకు చెప్పి నేను చిత్తూరులో పార్సిలు లారీ ఆఫీసుకు పోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కంబాలన్నిటికీ ఎర్రటి ప్రైమరు పడి మెరుస్తోంది. బావ చేతులు తుడుచుకుంటున్నాడు. ఒక్క చార లేదు, ఒక్క చుక్క కారలేదు. చూసి నాకు కడుపు నిండింది. తర్వాత రోజుల్లో దానిమీద పై పూతలు వేశాం. ఆరింది. అప్పుడే తోటల్లో తోతాపురి కాయ బరువెక్కుతోంది.

మద్రాసు మనిషి వచ్చాడు. సన్నగా, కళ్ళద్దాలతో, చొక్కా జేబులో చిన్న చాకు, టేపు చుట్టతో. మాట తక్కువ. నిచ్చెన ఎక్కి ముందు ట్రస్సులు చూశాడు. చాకుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, దాని మీద టేపు అంటించి, ఒక్క లాగు లాగాడు. టేపుకు ఏమీ రాలేదు. ఇంకోచోట. అక్కడా రాలేదు. నా వైపు చూసి తల ఊపాడు. గేటు అవతల ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో అమ్మ ఉంది. నేను ఆమెకు చెయ్యి ఊపుదామనుకున్నాను.

అతను కిందికి దిగి, మొదటి కంబం దగ్గర నిలబడి, రొమ్ము ఎత్తున గీతలు గీశాడు. టేపు లాగాడు. రంగు బిళ్ళలాగా లేచి వచ్చింది. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత. మూడు పూతలూ కలిసి.

"ఎన్నప్పా ఇదు?" ఇదేందని అరవంలో అడిగాడు.

ఇనుము మీద పసుపు మరక. అతను వేలు రాసి వాసన చూశాడు. ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు. నువ్వుల నూనె.

రెండో కంబం. అదే ఎత్తు. అదే బిళ్ళ. మూడోది అతను చూడలేదు. నేనే చాకు తీసుకుని గోకాను. అదీ అంతే. 

"పైన మంచిగా చేసినారు," అన్నాడతను. తెలుగు నెమ్మదిగా కూడబలుక్కుంటూ మాట్లాడాడు. "కింద ఇట్లా వస్తే నేను ఒప్పుకునేదానికి లేదు. ఈ కంబాల పక్కనే కదా కాయ కోసే బల్లలు? ఇది లేచి అందులోనే పడతాది. ఆవిరికి ఈ పెచ్చు ఈ చోట నుంచి చుట్టూ పాకతాది."

మొదలాళి ముఖం నల్లబడింది. గడువడిగాడు. కాయ మొదటి లారీ వచ్చే ముందు మళ్ళీ ఒకసారి వస్తానని చెప్పి అతను బస్సెక్కాడు.

నేను బావ వైపు తిరిగాను.

"బావా, ఏంది ఇది?"

ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వు థిన్నరుకు పోయినావు కదా, ఆ పొద్దు అవ్వ వొచ్చింది. పళ్ళెం ఎత్తుకుని."

అవ్వ అంటే మొదలాళి తల్లి. ఫ్యాక్టరీలో ఏ కొత్త మిషను వచ్చినా, ఏ పని మొదలైనా పసుపు కుంకుమ పెట్టేది ఆమే. ముత్తైదువ. ఆమె భర్త జబ్బుతో మంచంలో ఉన్నాడు. ఆ రోజు కంబాలు తెల్లగా తోమి ఉండడం చూసి, బొట్టు లేని కంబానికి రంగు పూస్తారా అని ఒక్కో కంబానికీ పసుపు రాసి కుంకుమ పెట్టి పోయిందట.

"తుడిచి వేయొచ్చు కదా బావా!"

"బొట్టు తుడిసేది నా పనా?" అన్నాడాయన. "మీయక్క ఎట్లుండాదో నీకు తెలీదా? నేను బొట్టు సెరిపి, రేపు ఏమన్నా అయితే? కుంకం రంగూ ప్రైమరు రంగూ ఒగటే కదా, కలిసిపోతాదిలే అనుకున్నా. పూసేసినా."

 పుస్తకంలో జిడ్డు గురించి ఒక అధ్యాయమంతా ఉంది. యంత్రాల గ్రీసు గురించి, చేతుల చెమట గురించి, పొగ మసి గురించి. ఇలాంటి దాని గురించి లేదు. ఉండదు కూడా. అది రాసినవాళ్ళ దేశంలో కంబాలకు బొట్లు పెట్టరు.

ఆ సాయంత్రమే నేను గీకుడు కత్తి, థిన్నరు గుడ్డ తీసుకుని మొదటి కంబం దగ్గర కూర్చున్నాను. ముందు థిన్నరుతో నూనె తీయాలి, ఆ తర్వాతే ఎమరీ పట్టాలి. ముందే ఎమరీ పడితే నూనె ఇనుము గీతల్లోకి దిగి ఇంకెప్పటికీ రాదు. గుడ్డ పెట్టి తుడవబోతుంటే వెనక నుంచి కేక వినబడింది.

"ఎవుర్రా బొట్టు సెరిపేది?"

అవ్వ. మొదలాళి వెంటే వచ్చాడు.

"అమ్మా, నువ్వు గమ్మునుండు. కంబాలు పాస్ కాలేదు."

"నేను గమ్మునుంటే మీ ఫ్యాక్టరీ నిలబడతాదా? మీ నాయన మంచంలో ఉండాడు. వీడొచ్చి కంబాల బొట్లు సెరపతా ఉంటే నేను సూస్తా ఉండాల్నా?"

"అవ్వా," అన్నాను, "నువ్వు పసుపులో నూనె కలిపినావు. నూనె మీద రంగు నిలవదు."

"నీళ్ళతో కలిపితే మద్దేనానికి రాలిపోదా? నిలవాలనే కదా నూనె పోసింది!"

 ఆమె తన లెక్కలో నేను చేసే పనే చేసింది. ఇనుము మీద ఒకటి నిలవాలని చేసింది. మొదలాళి తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. గేటు దగ్గర ఆడవాళ్ళు ఇంకా పోలేదు. కాయ కోసేవాళ్ళ ముఠాకు పెద్ద అయిన ఒకామె గట్టిగా అంది, "అవ్వా, నువ్వు ఒప్పుకోకుంటే మా పొయ్యిలు ఆరిపోతాయే!" అమ్మ మాత్రం కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది.

అవ్వ కంబాన్ని పట్టుకుని నిలబడింది. తర్వాత కంబం అడుగున సిమెంటు దిమ్మెను కాలితో తట్టింది.

"దీనికి గూడా రంగేస్తారా?"

"లేదవ్వా. అది సిమెంటు."

"అట్లయితే ఆడ పెడతాను. నేను ఆడ పెట్టినాకనే నువ్వు ఈడ తియ్యాల. ఒక్క గడియ గూడా కంబం బొట్టు లేకుండా ఉండకూడదు."

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వంగలేదు. ఒక్కో దిమ్మె దగ్గరా పీట వేసి కూర్చోబెట్టాలి, పసుపు తడిపి ఇవ్వాలి, ఆమె దేవుడికి దండం పెట్టుకుని బొట్టు పెట్టాలి, మళ్ళీ లేపి నిలబెట్టాలి. అప్పుడే నేను ఆ కంబానికి చెయ్యి వేయాలి. అలసిపోతే ఇంటికి పోయేది. ఆమె లేకుండా ఒక్క కంబం కూడా ముట్టుకోవడానికి లేదు. మేము కత్తులు పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళం. తోటల నుంచి కాయ వాసన వచ్చేది. 

దిమ్మెల మీదికి బొట్లు మారాక బావ కూడా కత్తి పట్టాడు. "ఇంగ చెరిపినట్టు కాదులే," అని తనకు తానే చెప్పుకున్నాడు. బొట్టు మేర గీకి, చుట్టూ రంగు అంచును నున్నగా పల్చన చేసి, పక్కన గట్టిపడిన పాత పూతను కూడా ఎమరీతో గరుకు చేశాం. ఎపాక్సీ బాగా గట్టిపడ్డాక దాని మీద కొత్త పూత పట్టదు. గరుకు చేయాల్సిందే.

అన్ని కంబాలూ సిద్ధమయ్యాయి. ఆకాశం నల్లబడింది.

మా వైపు ఎండాకాలంలో మధ్యమధ్యలో గాలివాన వస్తుంది. దానికి కాయ రాలుతుంది కూడా. ఆ వాన వచ్చింది. షెడ్డు మూడు పక్కలా తెరిచే ఉంటుంది. కంబాలు చెమర్చాయి. చేత్తో ముట్టుకుంటే తడి. థర్మామీటర్లు చూశాను. రెండూ దాదాపు ఒకచోటే నిలబడ్డాయి. గాలి నిండా నీళ్ళే. తడిగుడ్డతో కంబం మీద ఒక గీత గీసి చూశాను. చాలాసేపటికి కూడా ఆ గీత ఆరలేదు.

మొదలాళి గొడుగు పట్టుకుని వచ్చాడు.

"ఇంగా మొదలుపెట్టలేదేంది?"

"తడుండాది సామీ. ఇప్పుడు వేస్తే మళ్ళీ లేస్తాది."

"గుడ్డ పెట్టి తుడిసి ఎయ్యి."

"తుడిస్తే పోయే తడి కాదు సామీ. తుడిసేకొద్దీ పడతా ఉంటాది."

"నీ పుస్తకం చేత పట్టుకుని నా కాయ కుళ్ళబెట్టేటట్టుండావే! తోటలోళ్ళు రేపే దించుతామంటా ఉండారు!"

బొగ్గుల కుంపట్లు తెచ్చి కంబాల పక్కన పెడదామని ఎవరో అన్నారు. మసి పడుతుందన్నాను. గ్యాసు మంట పెడదామన్నారు. మంటలోంచి కూడా నీటి ఆవిరి వస్తుంది, చల్లటి ఇనుముకు అదే పడుతుందన్నాను. గుమాస్తా కూడా ఈసారి నవ్వలేదు, తిట్టాడు. చివరికి ఫ్యాక్టరీలో ఉన్న పెద్ద ఫ్యానులన్నీ తెచ్చి కంబాల వైపు తిప్పాం. కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది. నేను కంబం కంబానికీ తిరుగుతూ అరచెయ్యి ఆనించి చూసుకుంటూ ఉన్నాను. ఎన్నిసార్లు చూశానో. దేవుణ్ణి ఎప్పుడూ పెద్దగా మొక్కనివాణ్ణి, ఆ రోజు తిరుపతి కొండ వైపు తిరిగి, ఒక్క పూట ఎండ ఇవ్వు సామీ అని మొక్కాను.

ఎండ వచ్చింది. ఆలస్యంగా వచ్చింది. ప్రైమరు వేసి, అది ఆరి, పై పూతలు ఒకదాని తర్వాత ఒకటి పడేసరికి మద్రాసు మనిషి మళ్ళీ వచ్చే రోజు రానే వచ్చింది.

అతను ఈసారి చాకు తీయలేదు. పూత వేసిన చోట బొటనవేలు గట్టిగా నొక్కి తిప్పాడు. తీశాడు. రంగు మీద అతని వేలి గీతలు అచ్చు పడ్డాయి.

"ఇంకా మెత్తగా ఉంది."

"నాలుగు దినాల్లో గట్టి పడతాది సార్," అన్నాను.

"నాలుగు దినాలు చాలదు. ఆవిరికి, కాస్టిక్‌కు తట్టుకోవాలంటే లోపలిదాకా గట్టిపడాలి. నీకు తెలుసు కదా?"

తెలుసు. ఆ మాట పుస్తకంలో నేను చదివిందే.  

"కృష్ణగిరి పక్క పోతున్నాను. అక్కడ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు చూస్తాను," అన్నాడతను. "చేసిన పని మంచిదే. టైమే చాలలేదు." అలా అని మెల్లిగా నా భుజం తట్టాడు. ఆ తట్టడం నాకు దెబ్బలా తగిలింది.

మొదలాళి ఎవరికో ఫోన్ చేసి, కాయ వేరే ఫ్యాక్టరీకి పంపమని చెప్పి, గేటుకు తాళం వేయించాడు.

తోతాపురి లారీలు మా ఊరి ముందు నుంచే పోయాయి. పొద్దస్తమానం పోయాయి. మొదట్లో ఆడవాళ్ళు గేటు దగ్గరికి పోయి నిలబడేవాళ్ళు, తాళం తీస్తారేమోనని. తర్వాత మానేశారు. ఒకరోజు తమిళనాడు సరిహద్దు అవతలి ఫ్యాక్టరీ నుంచి ఒక మేస్త్రి వ్యాను తీసుకుని మా ఊరికి వచ్చాడు. అమ్మ కూడా తయారై, అన్నం క్యారియరు కట్టుకుని పోయి నిలబడింది. అతను వయసులో ఉన్నవాళ్ళను ఏరుకుని ఎక్కించుకున్నాడు.

"నువ్వొద్దులేమ్మా. దూరాబారం. నీ చేత కాదు."

"నా చేత కాకుంటే ఇన్నేండ్లు ఎవురు కోసినారప్పా?" అందట అమ్మ. అతను వినలేదు. క్యారియరు విప్పకుండానే ఇంటికి తెచ్చింది. ఇద్దరం మధ్యాహ్నం అదే తిన్నాం. 

విత్తనాల కోసం వేరుసెనక్కాయలు ఒలిచే పనికి పోయింది తర్వాత. కూర్చుని చేసే పనే కానీ బొటనవేళ్ళ గోళ్ళు లేచిపోతాయి. కాయ కోసే పనిలో వచ్చేదానికి అదెంతో తక్కువ. సాయంత్రం వచ్చి వేళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చునేది. నేను ఆమె ముందుకు పోయేవాణ్ణి కాదు. గ్రంథాలయానికీ పోలేదు. ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ను అడిగి లోపలికి పోయి, ఖాళీ షెడ్డులో కంబాలను గోటితో నొక్కి చూసి వచ్చేవాణ్ణి. రోజురోజుకూ రంగు గట్టిపడుతోంది. చూసేవాడు లేడు. ఆషాఢంలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బావ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నేను కూడా పక్కన కూర్చుని ఏడ్చాను. బిడ్డ కోసమే అని అందరూ అనుకున్నారు.

ఆ మనిషి తిరిగి వచ్చేసరికి తోతాపురి మొత్తం దిగిపోయింది. ఎవరూ పిలవకుండానే నేను అక్కడ ఉన్నాను. అతను కంబం కంబానికీ గీతలు గీశాడు. టేపు అంటించి లాగాడు. ఒక్క కంబానికీ రంగు రాలేదు. చాకు మొనతో గట్టిగా గోకినా గీత పడిందే కానీ పెచ్చు లేవలేదు.

"నల్లా వందిరుక్కు," అన్నాడు. బాగా వచ్చింది అని. మొదలాళితో చేతులు కలిపి, కాయ కోసుకోవచ్చని చెప్పాడు.

మొదలాళి వాచ్‌మన్‌ను పిలిచి తాళం తీయించాడు. సాయంత్రానికి ఊళ్ళో చెప్పించాడు. మరుసటి పొద్దున ఆడవాళ్ళు కత్తులు, పాత చీర ముక్కలు తీసుకుని బయలుదేరారు. వ్యానులో అవతలికి పోయినవాళ్ళు ఇంకా రాలేదు. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు. అమ్మ వాళ్ళతో పాటు పోయింది. నేను కూడా గేటు దాకా వెంట పోయాను.

ఇంకా మిగిలింది నీలం ఒక్కటే. చివరన వచ్చే కాయ. మొదటి లారీ మధ్యాహ్నానికి వచ్చింది. సగం కూడా నిండలేదు. బల్లల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కాయ అందరి ముందుకూ రాలేదు. కొందరు ఒట్టి చేతులతో కూర్చుని పక్కవాళ్ళు కోసేది చూస్తున్నారు. అమ్మ తన ముందున్న బుట్టలోంచి సగం తీసి పక్కామె ముందుకు తోసింది.

"ఇంగా లారీలు వొస్తాయా అన్నా?" అని ఎవరో డ్రైవరును అడిగారు.

"యాడమ్మా," అన్నాడతను. "గాలివానకు పిందెంతా రాలిపోయింది. నీలం ఈ ఏడు ఇంతే."